పడ్డవాడు చెడ్డవాడు కాదు

పోయిన నెల మా మనవడు పక్కింటివాళ్ల రేకుల షెడ్డు మీంచి ఇసకగుట్ట మీదకు దూకాడు. దూకడం బాగానే దూకాడుట. చూసిన పిల్లలందరూ ఆ మాటే చెప్పారు. గుట్టే సరిగ్గా లేదు. మేస్త్రీ ఆ పొద్దున్నే సగం ఇసక లోపలికి మోయించేశాడు. అడుగునున్న ఇటికలు పైకొచ్చాయి. కుడిచేతి మణికట్టు దగ్గర ఎముక చిట్లింది.

డాక్టరుగారు పిండికట్టు కడుతూ, "ఎందుకు దూకావురా?" అని అడిగారు. వాడు ఏడుపు ఆపి, ఎంతో గౌరవంగా, "జాకీ చాన్ దూకాడండీ" అన్నాడు.

డాక్టరుగారు నావైపు చూశారు. మావారు నావైపు చూశారు. ఎక్స్‌రే తీసిన కుర్రాడు కూడా నావైపే చూశాడు. ఎందుచేతనంటే, వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఆ సినిమాలు చూపించేది అమ్మమ్మేనని అప్పటికే ఆ ఆస్పత్రి వరండాలో అందరికీ తెలిసిపోయింది. వాడే చెప్పాడు.

రాత్రి ఇంట్లో పంచాయితీ జరిగింది. మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి, "అమ్మా, నువ్వు వాడికి రామాయణం చెబుతున్నావనుకున్నానే!" అంది. రామాయణంలో మాత్రం దూకడం లేదా, హనుమంతుడు ఏకంగా నూరు యోజనాలు దూకలేదూ అన్న మాట నోటిదాకా వచ్చింది. చేతికి కట్టుతో పడుకున్న పిల్లాణ్ణి చూసి మింగేశాను. మావారు ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. తీర్పు కూడా లెక్క తేల్చినట్టే చెప్పారు. "ఆ పరాయిదేశపు కోతిచేష్టలు ఇక ఈ ఇంట్లో కనపడ్డానికి వీల్లేదు. అంతే." కింద రెండు గీతలు కూడా గీశారు, గాలిలో.

నేను ఎదురు చెప్పలేదు. చెప్పడానికి మొహం ఏదీ? కాని ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తూ పడుకున్నాను. ఆ సినిమాలంటే నాకెందుకింత ఇష్టం? అవి నిజంగా చెడ్డవే అయితే, అరవై ఏళ్లు దాటినదాన్ని, నేనెలా పసిగట్టలేకపోయాను? మంచివే అయితే, మరి పిల్లాడి చెయ్యి ఎందుకు విరిగింది?

మీకు ఒక సంగతి చెప్పాలి. నాకు దెబ్బలాటలు గిట్టవు. మన సినిమాల్లో హీరో చొక్కా చేతులు మడవడం మొదలుపెట్టాడంటే, పొయ్యి మీద పప్పు గుర్తొచ్చి లేచిపోయే మనిషిని. వెనక్కి వచ్చేసరికి ఎలాగూ ఇరవైమంది నేలమీద వుంటారు, హీరోగారి క్రాపు చెదరదు. మధ్యలో ఏం జరిగిందో చూడకపోయినా కథకు లోటేమీ వుండదు.

అలాంటిదాన్ని ఒక ఎండాకాలం మధ్యాహ్నం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూచున్నాను. మనవడు టీవీలో ఏదో పెట్టుకున్నాడు. తెలుగులో మాటలు చెప్పించిన హాంకాంగు సినిమా. 1985లో వచ్చిన 'పోలీస్ స్టోరీ' అని తరువాత తెలిసింది. తలెత్తి చూద్దును కదా, ఒక పోలీసు కుర్రాడు పల్లెటూరి ఠాణాలో ఒంటరిగా కూచుని మధ్యాహ్నపు తిండి తినబోతున్నాడు. ఒక ఫోను మోగింది. ఎత్తాడు. ఇంకోటి మోగింది. అదీ ఎత్తాడు. మూడోది. ఒకటి చెవికి, ఒకటి భుజానికి, ఒకటి చంకలో. తీగెలన్నీ మెడకు చుట్టుకున్నాయి. ఒకావిడ గోడుకు ఇంకొకాయనకు సమాధానం చెబుతాడు. అందులోనే తిండి తినాలి. ఒక్క దెబ్బ లేదు, ఒక్క గుద్దు లేదు. చిక్కుడుకాయ చేతిలో చేతిలోనే వుండిపోయింది. పాలవాడు, గ్యాసువాడు, మా అమ్మాయి ఫోను, మావారి కాఫీ ఒక్కసారి వచ్చినప్పుడు నా అవతారం అచ్చం అదే!

అలా పట్టుకుంది నాకీ పిచ్చి. ఆ తరువాత వరసగా చూశాను. చూసినకొద్దీ ఒక సంగతి బోధపడింది. ఈ కుర్రాడికి దెబ్బ తగిలితే నొప్పి పుడుతుంది. వినడానికి ఇది పెద్ద విశేషం కాదనిపించవచ్చు. కాని ఆలోచించండి, ఎన్ని సినిమాల్లో చూశారు? ఎదుటివాడి దవడమీద కొట్టి, వాడు పక్కకు తిరగ్గానే తన చెయ్యి విదిలించుకుని 'ఉఫ్' అని ఊదుకుంటాడు. గోడ దూకి, అవతలివైపు దిగాక కాలు పట్టుకుని కుంటుతాడు. పదిమంది మీదకొస్తే రొమ్ము విరుచుకుని నిలబడడు. ముందు పరుగెత్తుతాడు. పారిపోవడానికి సందు లేకపోతేనే కొడతాడు. అదీ చేతికందిన దానితో. కుర్చీ, గొడుగు, సైకిలు, ఏది దొరికితే అది. 1996లో వచ్చిన 'ఫస్ట్ స్ట్రైక్'లో ఒక మడత నిచ్చెన పట్టుకుని పెద్ద మూకతో తలపడతాడు. దాని మెట్లలోంచి దూరతాడు, దాన్ని తిప్పుతాడు, మడుస్తాడు, నెత్తిన వేసుకుంటాడు. మన అటకమీదకు ఎక్కే నిచ్చెనలో ఇంత విద్య దాగివుందని ఎవరు అనుకున్నారు?

దెబ్బలాట మొదలైతే లేచిపోయే నేను ఇక్కడ లేవలేకపోవడానికి కారణం అదే. ఇక్కడ దెబ్బలాటే కథ. వాడు ఎలా గెలుస్తాడా అని కాదు, ఎలా తప్పించుకుంటాడా అని చూస్తాం. గెలుపు మీద నమ్మకం వున్నవాణ్ణి చూసి చప్పట్లు కొడతాం గాని నవ్వం. కంగారు పడేవాణ్ణి చూస్తేనే నవ్వొస్తుంది. ఎందుకంటే కంగారు మనకు తెలిసిన విద్య.

ఈ విద్య ఆ మనిషికి ఊరికే రాలేదు. పుట్టింది 1954లో, హాంకాంగులో. అసలు పేరు చాన్ కాంగ్‌సాంగ్. ఆ పేరుకు హాంకాంగులో పుట్టినవాడు అనే అర్థంట. తండ్రి వంటమనిషి. ఆస్ట్రేలియాలో అమెరికా వాళ్ల రాయబార కార్యాలయంలో వంటపని దొరికి వెళ్లాడు. కొన్నాళ్లకు తల్లీ వెళ్లిపోయింది. పిల్లాణ్ణి చైనా నాటకాలు నేర్పే ఒక బడిలో పదేళ్ల ఒప్పందం మీద వేశారు. అప్పటికి వాడికి ఏడేళ్లు. యూ జిమ్‌యూన్ అనే గురువుగారి బడి అది. తెల్లవారకముందే లేవాలి. తలకిందులుగా చేతులమీద నిలబడాలి. కాలు పూర్తిగా చాపలేకపోతే ఇంకొకరు ఎక్కి తొక్కుతారు. తప్పు చేస్తే బెత్తం. ఒప్పందం కాగితంలో శిక్షకు హద్దే లేదని, ప్రాణం పోయినా అడగడానికి లేదని జాకీ చాన్ 1998లో అచ్చయిన తన ఆత్మకథలో రాసుకున్నాడు. పాట, మాట, కత్తిసాము, పల్టీలు, ముఖానికి రంగు, అన్నీ అక్కడే. మన సురభి నాటకాల వాళ్ల పిల్లలు రంగస్థలం మీదే పుట్టి పెరిగినట్టు అనుకున్నాను మొదట. కాని సురభి పిల్లలకు ఆ రంగస్థలం మీద అమ్మ వుంటుంది.

బడి వదిలేనాటికి ఆ నాటకాలకు ఆదరణ పోయింది. అన్నేళ్లు నేర్చుకున్న పల్టీలకు సినిమా స్టూడియోలో ఒకటే గిరాకీ. ఎవరో కొడితే ఎగిరిపడడం. బ్రూస్ లీ నటించిన 1972 నాటి 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'లోను, 1973 నాటి 'ఎంటర్ ది డ్రాగన్'లోను దెబ్బలు తిన్న మూకలో ఈయనా ఒకడు. బ్రూస్ లీ 1973 జులైలో హఠాత్తుగా పోయాడు. అప్పుడు నిర్మాతలందరికీ ఇంకో బ్రూస్ లీ కావలసివచ్చాడు. ఈ కుర్రాణ్ణి తెచ్చి, కనుబొమలు ముడి వేయమన్నారు, కోపంగా చూడమన్నారు. 1976లో అలా తీసిన 'న్యూ ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' ఆడలేదు. కోపం ఆ మొహానికి అతకలేదు.

అప్పుడు వచ్చింది అసలు ఆలోచన. ఆయన చేసినదానికి సరిగ్గా ఎదురు చేస్తే? బ్రూస్ లీ కొడితే ఎదుటివాడు లేవడు. నేను కొడితే నా చెయ్యి నొప్పెడుతుంది. ఆయన ఎవరికీ భయపడడు. నేను అందరికీ భయపడతాను. 1978లో యువాన్ వూపింగ్ దర్శకత్వంలో రెండు సినిమాలు వచ్చాయి. 'స్నేక్ ఇన్ ది ఈగిల్స్ షాడో', 'డ్రంకెన్ మాస్టర్'. రెండింటిలోను హీరో తన్నులు తినే శిష్యుడు. నీళ్ల కుండలు మోస్తాడు, తలకిందులుగా వేలాడతాడు, గురువు కన్ను తప్పగానే పని ఎగ్గొడతాడు. జనం విరగబడి చూశారు. చిన్నప్పుడు గురువుగారి దగ్గర ఏడ్చిన ఏడుపంతా తెరమీదకు వచ్చేసరికి నవ్వయింది!

సర్కస్‌లో అందరికన్నా పని బాగా వచ్చినవాడే బఫూను వేషం కడతాడని మా నాన్నగారు చెప్పేవారు. తాడు మీద నడవడం వచ్చినవాడు నడుస్తాడు. నడవడం మరీ బాగా వచ్చినవాడే పడబోయినట్టు నడవగలడు. ఈ మాట నిజమని జాకీ చాన్‌కు ముందే ఇద్దరు అమెరికావాళ్లు మూగ సినిమాల కాలంలో నిరూపించారు.

ఒకాయన హెరాల్డ్ లాయిడ్. గుండ్రటి కళ్లజోడు, చదువుకున్న గుమాస్తా వాలకం. 1923లో వచ్చిన 'సేఫ్టీ లాస్ట్'లో పెద్ద మేడ గోడ పట్టుకుని పైకెక్కి, గడియారం ముల్లు పట్టుకుని వేలాడతాడు. కింద వీథిలో కార్లు చీమల్లా పోతూంటాయి. నవ్వుతూనే అరచేతులు చెమటలు పడతాయి. చాలామందికి తెలియని సంగతి ఏమంటే, అంతకు నాలుగేళ్ల ముందు, 1919లో, ఫొటో కోసం ఉత్తుత్తి బాంబు అనుకుని పట్టుకున్నది నిజం బాంబై పేలి, ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. వేళ్లున్నట్టు కనిపించే తొడుగు వేసుకుని, ఆ చేత్తోనే ఎక్కాడు.

రెండోవాడు బస్టర్ కీటన్. ఆయనకు ఆ పని పాలుతాగే వయసు దాటగానే మొదలయింది. తల్లీ తండ్రీ నాటకాల వాళ్లు. తండ్రి పిల్లాణ్ణి స్టేజీ మీద అటూ ఇటూ విసిరేవాడు. విసరడానికి వీలుగా చొక్కా వీపున పెట్టె పిడి కుట్టించారు! పడి లేచి తాను నవ్వితే జనం నవ్వరని, తాను మొహం బిగించుకుంటే పగలబడి నవ్వుతారని పసితనంలోనే కనిపెట్టాడు. ఆ మొహం జీవితాంతం అలాగే వుంచాడు. 1928 నాటి 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో గాలివానకు ఒక ఇంటి ముందుగోడ గోడంతా ఆయన మీద పడుతుంది. ఆయన నిలబడ్డచోటికి సరిగ్గా పైనున్న కిటికీ వచ్చి, ఆ కంతలోంచి ఆయన మిగులుతాడు. గోడ నిజం గోడ. అటూ ఇటూ కొద్ది అంగుళాలే సందు. తీసేవాళ్లలో కొందరు చూడలేక మొహం తిప్పుకున్నారంటారు. అంతకుముందు 1924లో 'షెర్లాక్ జూనియర్' తీస్తూ రైలు ఇంజనుకు నీళ్లు పట్టే గొట్టం కింద పడి, పట్టా మీద తల కొట్టుకున్నాడు. తలనొప్పి అనుకుని వూరుకున్నాడు. మెడ ఎముక విరిగి అతుక్కుందని ఏళ్ల తరువాత ఎక్స్‌రే తీసిన డాక్టరు చెబితే తెలిసింది.

జాకీ చాన్ ఈ ఇద్దరికీ శిష్యుడు. 1983లో తానే డైరెక్టు చేసిన 'ప్రాజెక్ట్ ఎ'లో ఆయనా ఒక గడియారపు మేడ ముల్లు పట్టుకుని వేలాడాడు. లాయిడ్ పడలేదు. ఈయన పడ్డాడు. సుమారు 50 అడుగుల ఎత్తునుంచి, రెండు గుడ్డ పందిళ్లు చించుకుంటూ నేలమీదికి. ధైర్యం చాలక చాలాసార్లు ఎక్కి దిగిపోయానని తనే చెప్పుకున్నాడు. ఒకసారి పడితే చాలలేదు, మళ్లీ పడ్డాడు. సినిమాలో ఆ పడడం ఒకటికి రెండుసార్లు చూపిస్తారు. చాటు ఏమీ లేదు, చూసుకోండి అన్నట్టు.

ఇలాంటి సినిమాలన్నీ ఇంత ప్రాణాంతకంగానే వుండాలని లేదు సుమండీ. ఇటలీ వాళ్ల పద్ధతి వేరు. బడ్ స్పెన్సర్, టెరెన్స్ హిల్ అని ఇద్దరున్నారు. పేర్లు ఇంగ్లీషువి, మనుషులు ఇటలీవాళ్లు. లావుపాటాయన అసలు పేరు కార్లో పెడర్సోలి. నేపుల్స్‌లో పుట్టాడు. 100 మీటర్లు నిమిషం లోపల ఈదిన మొట్టమొదటి ఇటలీవాడు, 1950లో. 1952, 1956 ఒలింపిక్సుకు వెళ్లి వచ్చాడు. నీలికళ్ల సన్నపాటాయన మారియో గిరోట్టి. వెనిస్‌లో పుట్టి, యుద్ధకాలంలో జర్మనీలో తల్లివైపు వాళ్ల దగ్గర పెరిగాడు. 1970లో వచ్చిన 'దే కాల్ మీ ట్రినిటీ'తో ఇద్దరూ యూరపుకంతా చుట్టాలయిపోయారు.

వీళ్ల దెబ్బలాట మన పెళ్లిళ్లలో బూందీ లడ్డు దగ్గర జరిగే గొడవలాటిది. లావాయన పిడికిలి ఎత్తి ఎదుటివాడి నడినెత్తిమీద మేకు కొట్టినట్టు ఒక్కటి వేస్తాడు. వాడు నేలలోకి దిగినట్టు కుంగిపోతాడు, కాసేపటికి లేచి మళ్లీ వచ్చి ఇంకోటి తింటాడు. నెత్తురు చుక్క కనిపించదు. 1974 నాటి 'వాచ్ అవుట్, వి ఆర్ మ్యాడ్' కథ ఏమనుకున్నారు? పందెంలో ఇద్దరికీ కలిపి ఒక చిన్న ఎర్ర కారు వస్తుంది. ఎవరిదో తేల్చుకునేలోగా రౌడీలు దాన్ని నాశనం చేస్తారు. ఎర్రకారు, పసుపుపచ్చ మూత వున్నది, అలాటిదే మళ్లీ తెచ్చిపెట్టండి అని వీళ్లు పట్టుబడతారు. సినిమా అంతా అదే. లోకం మునిగిపోదు, ఎవరి తండ్రినీ ఎవరూ చంపరు. న్యాయంగా మాకు రావలసిన కారు మాకివ్వండి, అంతే. రేషను కొట్లో తూకం తక్కువైతే మనం పట్టే పట్టు కూడా ఇదే కదా! కాకపోతే మనకా పిడికిలి లేదు.

బడ్ స్పెన్సర్ 2016లో పోయాడు. మరుసటి ఏడు హంగరీ రాజధాని బుడాపెస్టులో ఆయనకు కంచు విగ్రహం పెట్టారు. ఆయన హంగరీవాడు కాడు, ఆ భాష మాట్లాడడు. నవ్వించినందుకు పెట్టారు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. నవ్వుకు, దెబ్బకు తర్జుమా అక్కర్లేదు. నిచ్చెన ఏ దేశంలోనైనా నిచ్చెనే. నెత్తిన పడితే ఏ భాషలోనైనా ఒకటే మాట వస్తుంది. అందుకే మా మనవడికి ఏడేళ్లకే అర్థమయింది. నాకు అరవై దాటాక అర్థమయింది.

ఇన్ని చెప్పాక కూడా నా ప్రశ్న అలాగే వుంది. పిల్లాడి చెయ్యి ఎందుకు విరిగింది?

నాలుగో రోజున వాడికి అన్నం కలిపి నోట్లో పెడుతూ మెల్లిగా అడిగాను. "దెబ్బ తగులుతుందని తెలియలేదుట్రా?"

"జాకీ చాన్ లేచాడుగా, అమ్మమ్మా."

"లేచాడనుకో. నొప్పి పుట్టలేదా?"

"పుడుతుంది. కాని తరువాత వుండదు."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఎక్కడ తప్పు జరిగిందో తెలిసింది. తప్పు జాకీ చాన్‌ది కాదు, నాది.

ఆ సినిమాలు కథ ముగియగానే అయిపోవు. పేర్లు పడేటప్పుడు పక్కన ఇంకో చిన్న సినిమా నడుస్తుంది. తీసేటప్పుడు తప్పిపోయిన దూకుళ్లు, గురి తప్పిన గుద్దులు, పడి లేవలేకపోయిన మనుషులు. ఒక అమెరికా సినిమాలో వేషం వేయడానికి వెళ్లినప్పుడు ఆ పద్ధతి చూసి, 1982 నుంచి తన సినిమాలకు పెట్టుకున్నాడు జాకీ చాన్. అమెరికావాళ్లు మాటలు తడబడి నవ్వుకున్న ముక్కలు పెట్టారు. ఈయన అంబులెన్సును పెట్టాడు. 'పోలీస్ స్టోరీ'లో దీపాలు చుట్టిన స్తంభం పట్టుకుని అంతస్తులు జారి దిగినప్పుడు అరచేతుల తోలు వూడింది. 1995 నాటి 'రంబుల్ ఇన్ ది బ్రాంక్స్'లో చీలమండ విరిగితే, కట్టు మీద బూటు రంగు వేసిన మేజోడు తొడుక్కుని మిగతాది పూర్తి చేశాడు. అన్నిటికన్నా ఘోరం 1986లో యుగోస్లావియాలో 'ఆర్మర్ ఆఫ్ గాడ్' తీస్తూ జరిగింది. గోడమీంచి చెట్టుకొమ్మ మీదికి దూకాడు. కొమ్మ విరిగింది. తల రాయికి తగిలి పుర్రె పగిలింది. ఆపరేషను చేసి బతికించారు. ఒక చెవి వినికిడి తగ్గింది. ఆ పడడం, చుట్టూ మనుషులు పరుగెత్తడం, మోసుకుపోవడం, అంతా సినిమా చివర చూపించారు.

మా ఇంట్లో అది ఎవరూ చూడలేదు. ఎందుచేతనంటే పేర్లు పడడం మొదలవగానే, "అయిపోయిందిరా, లే, దీపం పెట్టే వేళయింది" అని టీవీ కట్టేసేది నేనే. నవ్వు వుంచుకుని, ఖరీదు రాసిన చీటీ చింపేసినదాన్ని నేనే.

తీర్పు వున్నా సరే, మావారు బజారుకు వెళ్లినప్పుడు ఫోనులో ఆ చివరి భాగం వెతికి వాడికి చూపించాను. వాడు కట్టు ఒళ్లో పెట్టుకుని చూశాడు. మొదట నవ్వాడు. చెట్టుకొమ్మ విరిగినచోట నవ్వు ఆగిపోయింది. చెవిలోంచి నెత్తురు. మనుషులు చుట్టూ మూగారు. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి, "వాళ్లమ్మ వచ్చిందా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. వాడి అమ్మ కూడా వూళ్లో లేదుగా మరి. ఆదివారాలు వస్తుంది. చెయ్యి విరిగిన రాత్రి మాత్రం రైలు దొరక్క తెల్లారి వచ్చింది.

ఈ సినిమాల్లో తప్పులు లేవని నేననను. వాటిలో ఆడపిల్లలకు కేకలు వేయడం, అలగడం తప్ప సాధారణంగా పనుండదు. హీరో పడితే చివర చూపిస్తారు. హీరో పక్కన పడ్డ పేరు తెలియని కుర్రాళ్లు ఎంతమందో. 'పోలీస్ స్టోరీ'లో రెండంతస్తుల బస్సు ఆగినప్పుడు అద్దాలు పగిలి బయటికొచ్చి పడ్డవాళ్లు అసలు పడవలసింది కింద కారు మీదట. కారు అందలేదు, రోడ్డు మీద పడ్డారు. నవ్వుకు ఇంత ఖరీదు కట్టాలా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆయనకు అమెరికావాళ్లు 2016లో గౌరవ ఆస్కారు ఇచ్చారు. బహుమతి పట్టుకున్న ఆ చేతులు ఎన్నిసార్లు విరిగి అతికాయో అని నాకు అనిపించింది. కాని ఒకటి మాత్రం చెప్పగలను. నొప్పిని దాచిపెట్టే సినిమాకన్నా నొప్పిని ఒప్పుకునే సినిమా నయం. ఇరవైమందిని కొట్టి క్రాపు చెదరని హీరోను చూసి పిల్లాడు ఏం నేర్చుకుంటాడు? ఎదుటివాడికి నొప్పి వుండదని నేర్చుకుంటాడు. అది చెయ్యి విరగడంకన్నా పెద్ద ప్రమాదం.

ఇదంతా మావారితో చెప్పాను. విన్నారు. "నీ తప్పు నువ్వే ఒప్పుకుంటున్నావన్నమాట" అన్నారు. అవునన్నాను. "అయితే తీర్పు పునఃపరిశీలిస్తాను" అన్నారు. ఆ తరువాత ఒక మధ్యాహ్నం నేను పెరట్లోంచి వచ్చేసరికి, తాతా మనవడూ ఇద్దరూ ఫోను ముందు తలలు ఆనించుకుని కూచున్నారు. 2017లో వచ్చిన 'కుంగ్ ఫూ యోగా'. మన 'అరుంధతి'లో పశుపతిగా భయపెట్టిన సోనూ సూద్‌తో జాకీ చాన్ తలపడుతున్నాడు. నన్ను చూసి మావారు, "సోనూ సూద్ ఎలా చేశాడో చూద్దామని" అన్నారు. నేనేమీ అడగలేదు.

మొన్న కట్టు విప్పారు. పండగ దగ్గరికొచ్చింది కదా, బొమ్మల కొలువు పెట్టెలు దింపాలని మావారు అటకకు నిచ్చెన వేశారు. నేను వద్దంటూనే వున్నాను. మనవడు ఎవరూ చెప్పకుండా వచ్చి రెండు చేతులతో నిచ్చెన అడుగున పట్టుకున్నాడు. ఆయన రెండు మెట్లెక్కి, పెట్టె లాగి, అది జారబోతే ఆపబోయి, చెయ్యి దూలానికి కొట్టుకున్నారు. పెట్టె ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి గాలిలో విదిలించి, 'ఉఫ్' అని ఊదుకున్నారు. అచ్చం అలాగే!

నాకు నవ్వాగలేదు. కాని మనవడు నవ్వలేదు. తల పైకెత్తి, "తాతయ్యా, దెబ్బ తగిలిందా?" అన్నాడు.

"లేదురా, కొద్దిగా" అన్నారాయన.

అప్పుడు నవ్వాడు.